దిష్టికి వదిలిన మిరప చెట్టు

మిరపకు బొబ్బర తెగులు సోకితే ఆకులు పడవల్లా ముడుచుకుపోతాయి. అట్లాంటి చెట్లను మా నాయన పీకి కాల్చేసేవాడు. అన్నింటికంటే వికారంగా ఉన్న ఒక్కదాన్ని మాత్రం, పొలానికి దిష్టి తగలకుండా గట్టువారన వదిలేసేవాడు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు అలా వదిలిన చెట్టొకటి చిగురేసింది. కింది ఆకులు ముడతలే, పైవి మాత్రం నున్నగా విచ్చుకున్నాయి! కొమ్మ తుంచుకుని బద్వేలులో రైతుల సమావేశానికి పరుగెత్తాను. అధికారి కొమ్మను చూడనైనా చూడలేదు. ఎంత చదివావన్నాడు. ఐదన్నాను.

"నాకు నయమైందని చెట్టే వచ్చి చెప్పిందేమప్పా?"

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను 'చెట్ల డాక్టరు'ను. ఆ కసితోనే పాత కాగితాల అంగట్లో దొరికిన సైన్సు పుస్తకమల్లా చదివాను. జవాబు దొరకలేదు.

నిరుడు మనవరాలి డిగ్రీ పుస్తకంలో దొరికింది. అర్థం కాని మాటలు ఆమెతో చెప్పించుకుంటూ చదివాను. వైరస్ తన సంఖ్య పెంచుకునేటప్పుడు రెండు పోగుల ఆర్ఎన్ఏ ఏర్పడుతుందట. కణం దాన్ని పట్టుకుని చిన్న తుంపులు చేస్తుందట. ఆ తుంపులనే ఆనవాలుగా పెట్టుకుని, వాటికి సరిపోలే వైరస్ ఆర్ఎన్ఏ ఎక్కడ కనబడినా కత్తిరించేస్తుందట. ఆ ఆనవాళ్లు చిగుళ్లకూ పాకుతాయట. కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. చెట్టు నిజంగానే చెప్పింది, వినే చెవులే లేవు!

ఈ ఏడాది నేను వదిలిన దిష్టి చెట్టు కూడా అలాగే కోలుకుంది. సమావేశంలో లేచాను. చెట్ల డాక్టరు లేచాడని వెనక ఎవరో గొణిగారు. కొత్త అధికారిణి చిన్న పిల్ల, మా సీమ బిడ్డే. నవ్వలేదు. అంతా విని, ఆ మధ్యాహ్నమే పొలానికి వచ్చి భూతద్దంతో ఆకాకూ చూసింది.

"నువ్వు చెప్పింది నిజమే తాతా. రోగాన్ని చెట్టే అణిచిపెట్టింది. అయితే వైరస్ లోపల ఇంకా ఉండాది. తెల్లదోమ ఈడ రసం పీల్చి పక్క చేనుకు మోస్తాది."

నా గుండె ఎగిరి, అక్కడే కూలబడింది. ఆనాటి పెద్దమనిషి కొమ్మను ఒక్కసారి చూసి ఈ మాట చెప్పి ఉంటే! యాభై ఏళ్లుగా దిష్టి పేరుతో పక్క చేలకు రోగం పంచామే! నన్ను నవ్వులపాలు చేసినందుకు కాదు, ఇందుకు ఆయన్ను క్షమించలేను.

పీకేదా అని అడిగాను. వద్దంది. నమూనా పరీక్షకు పంపుతానని, ఫలితం వచ్చేదాకా దోమ దూరకుండా సన్నని వల కప్పమని చెప్పింది. ఇంటికి పోయి నా మంచం మీది దోమతెర విప్పుకొచ్చి, రెండు మడతలు వేసి, అంచుల మీద మన్ను ఎగదోసి చెట్టుకు కప్పాను.

ఇప్పుడు దోమలు నన్ను కుడుతున్నాయి. కుట్టనీ.