నలుపు కింద ఎవరున్నరు?

మా ఆఫీసులో కొత్తగా చేరిన శ్రావణి నిన్న సాయంత్రం తలనొప్పి అంటూ నుదుటికి మందు రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి రాస్తున్న పెన్ను కింద పెట్టేశాను. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఉపగ్రహం పంపిన బొమ్మ ఉంది. పొద్దుగూకే వేళ కావడంతో తూర్పు వైపు నుంచి తెలంగాణ అంతా మెల్లగా నల్లబడుతోంది. ఆ వాసన, ఆ నలుపు ఒక్కసారే ఎదురైతే నాకు సుగుణ మేడం గుర్తుకొస్తుంది, ఆమెతో పాటే ఒక రాత్రి పడిన భయం కూడా. ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదు. పోవాలని నేనూ ఇప్పుడు కోరుకోవడం లేదు.

సుగుణ మేడం నల్గొండలో నా మొదటి పై అధికారి. జిల్లా ఆఫీసు వెనకవైపు ఒక చిన్న గది, అందులో రెండు కంప్యూటర్లు, మూడు ఫోన్లు, మేమిద్దరం. ఉపగ్రహం అరగంటకోసారి పంపే బొమ్మలు చూసి, పిడుగులో వడగండ్లో వచ్చేలా ఉంటే ఊళ్లకు ఫోన్లు చేయడం మా పని. మేడంది పాలమూరు. పదవీ విరమణకు దగ్గర పడిన మనిషి, పొట్టిగా, ఎప్పుడూ నుదుటికి తలనొప్పి మందు పూసుకుని ఉండేది. వేలెడంత మబ్బు కనబడినా ఫోను ఎత్తేది. సగం సార్లు చినుకు కూడా రాలేది కాదు. మర్నాడు ఆఫీసంతా నవ్వులే. చాటుగా ఆమెను 'భయం మేడం' అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది నేను కాదు గానీ, వాడుకోవడంలో మాత్రం నేను ఎవరికీ తీసిపోలేదు.

మాది రామన్నపేట దగ్గరి పల్లె. గొర్లు కాసుకునే ఇల్లు. డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చి, కాంట్రాక్టు మీద ఆ గదిలో కుర్చీ సంపాదించేసరికి నేనే ఆకాశానికి ఎక్కినంత సంబరపడ్డాను. మొదటి రోజు మేడం నాకు మబ్బుల బొమ్మ చూపించలేదు. రాత్రి పూట భూమి మీది వెలుగుల బొమ్మ తెరిచింది. హైదరాబాదు బొగ్గుల కుంపటిలా ఎర్రగా మండుతోంది. విజయవాడ దారి సన్నటి గీత. దూరంగా మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు రెండు మూడు చుక్కలు.

"మీ ఊరేడుంది, రేణుకా?" అంది.

వేలు పెట్టి చూపించాను.

"ఏం కనబడ్తాంది?"

"ఏం లేదు మేడం. నల్లగున్నది."

"ఏం లేదంటవేంది? మీ బాపు రాత్రి ఏడ పంటడు?"

"మంద కాడ."

"మరి ఆయన ఉన్నడా, లేడా? మంద కాడ ఉండే బ్యాటరీ లైటు గీడికి కనబడదు. నలుపు చూసినప్పుడల్లా దాని కింద ఎవరున్నరని అడుగు బిడ్డా. ఎవ్వరు లేరనుకుంటే మన కొలువు దండుగ."

ఆ ప్రశ్న కోసమే ఆమె దగ్గర అట్ట ఊడిపోయిన ఒక పెద్ద పుస్తకం ఉండేది. అందులో ఊరి పెద్దల పేర్లు ఉండవు. రాత్రుళ్లు ఆరుబయట పడుకునే వాళ్ల పేర్లు ఉంటాయి. ఇటుక బట్టీల కావలివాళ్లు, కల్లాల దగ్గర వడ్లకు కాపలా ఉండేవాళ్లు, గొర్ల మందలతో తిరిగేవాళ్లు. ఎండాకాలంలో కోతలయ్యాక మావాళ్లు గొర్లను పొలాల్లో పండబెడతారు, ఎరువు కోసం రైతులే పిలుస్తారు. దీన్నే మంద పెట్టడం అంటాం. ఈ రాత్రి ఒక మడి, రేపు రాత్రి ఇంకొకటి. అందుకని మంద ఎక్కడుందో ఏ పటంలోనూ దొరకదు. రోజూ అడిగి రాసుకోవాల్సిందే. నాకు అది వట్టి చాదస్తంలా అనిపించేది.

చేరి రెండు నెలలు కాకముందే ఆ రోజు వచ్చింది. పొద్దున మేడం పుస్తకం నా ముందుకు జరిపింది. "మీ బాపు మంద ఈ రాత్రి ఏడ? రైతు పేరు, నంబరు రాయి." నేను నవ్వాను. "మా బాపుది రాసేదేముంది మేడం, నాకు ఎరికే గద." ఆమె ఇంకేదో ఫోను మోగితే అటు తిరిగింది. నేను రాయలేదు.

మాకు వచ్చే బొమ్మలు రెండు రకాలు. ఒకటి మన కంటిలాంటిది. ఎండ వెలుతురులో మబ్బు తెల్లగా, నేల నల్లగా కనబడుతుంది. పొద్దు పోయాక అందులో ఏమీ ఉండదు, అంతా నలుపే. రెండోది వేడిని, చల్లదనాన్ని పట్టేది. చీకట్లోనూ పనిచేస్తుంది, మబ్బు ఎంత ఎత్తుకు లేచి చల్లబడితే అంత తెల్లగా మెరుస్తుంది. సాయంత్రం కాగానే మొదటిది మూసి రెండోది తెరవాలి. అది నాకు తెలుసు. పరీక్షకు చదువుకున్నట్టు తెలుసు.

ఆ సాయంత్రం మేడం మీటింగుకు పైఅంతస్తుకు వెళ్లింది. తెర మీద మొదటి రకం బొమ్మే ఉంది. గంట క్రితం పాలమూరు వైపు ఒక తెల్లటి ముద్ద ఉండింది. ఇప్పుడు లేదు, అంతా శుభ్రంగా నల్లగా ఉంది. సరిగ్గా అప్పుడే బాపు ఫోను చేశాడు.

"బిడ్డా, గాలి మారినట్టున్నది. బడి కాడి చెలకల మంద పెట్టాల్నా, వాగు పక్క మడికి పోవాల్నా? మడి రైతు పొద్దటిసంది పిలుస్తాండు."

బడి దగ్గరైతే గదులున్నాయి, తలదాచుకోవచ్చు. వాగు పక్కన ఒక గుడిసె కూడా లేదు.

"మబ్బు కరిగిపోయింది బాపు. నేను చూస్తనే ఉన్న. ఫికర్ లేదు, వాగు కాడికే పో."

"నువ్వు చెప్పినవంటే సరే," అన్నాడు. ఆ గొంతులో గర్వం నాకు వినబడింది. నాకూ గర్వంగానే అనిపించింది.

మేడం తిరిగొచ్చి తెర వైపు ఒక్కసారి చూసింది. "పొద్దు పోయినంక గీ బొమ్మెందుకు పెట్టినవ్?" అంటూ రెండోది తెరిచింది. కరిగిపోయిందని నేననుకున్న ముద్ద అక్కడే ఉంది. మూడింతలు పెరిగి, నడుమ సున్నంలా తెల్లగా మెరుస్తూ, మా మండలం అంచు దాకా వచ్చేసింది. బాపుకు ఫోను చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. మేడంకు జరిగింది చెప్పాను.

"మడి ఎవరిది?"

"తెల్వది మేడం."

"పొద్దుగాల రాయమంటి గద." ఆ మాట ఆ ఒక్కసారే అంది. తరవాత జీవితంలో మళ్లీ ఎత్తలేదు.

నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడుపు తర్వాత. ఊరి పేరు చెప్పు," అంటూ పుస్తకం తిరగేసింది. ఆ ఊళ్లో ఇటుక బట్టీ కావలి మల్లయ్య పేరు ఎప్పుడో రాసి ఉంది. ఫోను చేసింది. అవతల గాలి హోరు నాకు వినబడుతోంది.

"మల్లయ్యా, వాగు పక్క మడిల గొర్ల మంద ఉన్నది. ఆ మడి ఎవరిదో ఎరికేనా?"

"ఎరికే మేడం. ఈడ పిడుగులు మొదలైనయి."

"జర ఆ రైతుకు చెప్పు, ట్రాక్టరేసుకొని పోయి మనుషులను తోల్కరమ్మను. గొర్లను ఇడిచిపెట్టి రమ్మన్ననని చెప్పు."

ఆమె ఫోను పెట్టేసింది. "ఇంకో మనిషిని పిడుగుల్లకు తోలిన," అంది నెమ్మదిగా. మల్లయ్యకు మళ్లీ ఫోను చేసి, ఆ రైతు పేరు కూడా అడిగి పుస్తకంలో రాసింది. అంతలో మా దగ్గరా గాలి లేచి కరెంటు పోయింది. ఇద్దరం చీకట్లో ఫోను ముందు కూర్చున్నాం. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మేడం తన తలనొప్పి మందు తీసి నా నుదుటికి రాసింది.

"మీకు భయమైతలేదా మేడం?"

"రోజు అయితది. భయమైతది గాబట్టే ఫోనెత్తుత. నవ్వేటోళ్లను నవ్వనీ."

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. చివరికి మల్లయ్య ఫోను చేశాడు. మంద పక్కనే పిడుగు పడింది. సగానికి పైగా గొర్లు పడిన చోటే చచ్చిపోయాయి. బాపు తెలివి తప్పి పడి ఉంటే ఆ రైతు, అతని వెంట పోయినవాళ్లు ట్రాక్టర్ మీద వేసుకుని బయటపడ్డారు. వాళ్లు గట్టెక్కిన కాసేపటికే వాగు మడి మీదికి వచ్చింది.

దవాఖానలో బాపు కళ్లు తెరిచాక మంచం పట్టె పట్టుకుని నిజం చెప్పేశాను. "తప్పు నాదే బాపు. నల్లగుంటే మబ్బు లేదనుకున్న." ఆయనకు వినబడలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ చెప్పాను. పైకప్పు వైపు చూస్తూ అన్నాడు.

"గొర్లు పొద్దుగూకంగనే తలకాయలన్నీ ఒక్కకాడ పెట్టి ముద్దయినయి బిడ్డా. వానకు ముందు గట్లనే చేస్తయి. నేను చూసిన. నా బిడ్డ మీదికెల్లి చూసి చెప్పింది, వీటికేమెరిక అనుకున్న."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పుట్టినప్పటి నుంచి నమ్ముకున్న గొర్ల కంటే నా మాటను ఎక్కువ నమ్మాడన్న సంగతి ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది.

ఉద్యోగం మానేస్తానని మేడంకు కాగితం రాసిచ్చాను. ఆమె చదివి మడిచి తన సంచిలో పెట్టుకుంది. "ఇయ్యాలటిసంది నీకు భయమంటే ఎరికైంది. ఇప్పుడు పోతనంటే ఎట్ల?" అంటూ పుస్తకాన్ని నా వైపు జరిపింది. ఆమె పాలమూరులో కన్నుమూసి రెండేళ్లవుతోంది. పుస్తకం నా దగ్గరే ఉంది. అట్ట కొత్తది వేయించాను.

నిన్న సాయంత్రం చిన్న మబ్బుకే నేను వరసగా ఫోన్లు చేస్తుంటే శ్రావణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక నన్నేమంటున్నారో నాకు తెలుసు. అంతలో బాపు ఫోను మోగింది. మిగిలిన గొర్లను ఆయన అమ్మలేదు, ఇప్పటికీ వాటి వెంటే తిరుగుతున్నాడు. రోజూ ఇదే వేళకు అదే అడుగుతాడు.

"బిడ్డా, మబ్బెట్లున్నది?"

రెండు బొమ్మలూ చూశాను. మళ్లీ చూశాను.

"ఫోను కుడి చెవికి పెట్టుకో బాపు. నేను చెప్పుడు తర్వాత. ముందుగాల గొర్లేం చేస్తున్నయో నువ్వు చెప్పు."

"మేస్తున్నయి బిడ్డా. దేనికది ఇడివిడిగ మేస్తున్నయి."

అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. పుస్తకం తెరిచి, ఈ రాత్రి మంద ఎవరి మడిలో పెడుతున్నాడో అడిగి, ఆ రైతు నంబరు రాసుకున్నాను.