చాచా జేబులో రెండో సీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే ఎక్కువ గోల చేసేది మా నాన్న జీపు ఒక్కటే. మిలిటరీ వేలంలో కొన్న పాత బండి. మెట్టుగూడ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ రంకెలు వేసేదే కానీ బండి ముందుకు కదిలేది కాదు. ఇంజన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు పాడై, ఆయిల్ కారి, క్లచ్ ప్లేటు తడిసి జారిపోయేది. బాగుచేయించినా మళ్ళీ అదే తంతు. ఈసారి సీలూ క్లచ్ ప్లేటూ రెండూ మారుస్తానని, అప్పటికీ కారితే తుక్కుకి ఇచ్చేస్తానని నాన్న తేల్చేశారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆ జీపు వెనక సీటు నాది మరి.

ఒక ఆదివారం, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే పక్కింటి చాచా, నాన్నా కలిసి మా వాకిట్లోనే, సీలు అందేలా గేర్‌బాక్స్ దించారు. కొత్త సీలు నా చేతికిచ్చి, దాని పెదవి ముట్టుకోవద్దన్నారు చాచా. రబ్బరు రింగుకి లోపలి వైపు ఉండే పల్చటి అంచే పెదవి. ఎందుకు ముట్టుకోకూడదని వాదించాను. ముట్టుకుంటే ఏమవుతుందని ఇంకాసేపు వాదించాను. వాళ్ళు మళ్ళీ జీపు కింద దూరగానే స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా పొడిచి చూశాను. గోరంత తెగింది.

నా నోరు పడిపోయింది.

కాసేపటికి చాచా తల బయటపెట్టారు. "ఏందీ బిడ్డా, పొద్దుగాల్ల నుంచి రేడియో లెక్క మోగినవ్, గిప్పుడు బంద్ అయినవ్? సెల్లులు అయిపోయినయా?"

నేను నవ్వలేదు. ఆయన సీలు తీసుకుని పెదవి చుట్టూ వేలు తిప్పారు. తెగినచోట వేలు ఆగడం నేను చూశాను. అయినా దాన్ని నాకే తిరిగిచ్చారు.

"నువ్వే చూసి చెప్పు. మంచిగుందంటే ఎక్కిస్తా. ఏం చెప్పినా గేర్‌బాక్స్ కిందున్నప్పుడే చెప్పాలె. ఎక్కినంక చెప్తే అందరికీ తక్లీఫ్."

నాన్న పానా పట్టుకుని నా వంకే చూస్తున్నారు. బాగుందంటే ఇప్పటికి గండం గడుస్తుంది. రేపు ఆయిల్ కారితే జీపు పోతుంది.

"బాగాలేదు. నేనే కోశాను."

నాన్న నోరు తెరిచేలోగా చాచా చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశారు. అందులో ఇంకో సీలు! "నేనెప్పుడూ రెండు తెస్తా సాబ్. ఒకటి బండికి, ఒకటి తప్పుకి. నా చేతులల్ల సుత ఎన్ని తెగినయో."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా భాయ్, పిల్ల బిక్కచచ్చిపోయింది."

"ముందుగాల్ల చెప్తే గిది నోరిప్పి నిజం చెప్తదా?"

నాన్న పకపకా నవ్వేశారు. ఆ సాయంత్రం జీపు మెట్టుగూడ ఎత్తు మారు మాట్లాడకుండా ఎక్కింది. మర్నాడు లేవగానే బండి కింద పరిచిన పాత పేపరు లాగి చూశాను. ఒక్క చుక్క లేదు.

నాకిప్పుడు యాభై దాటాయి. వాదించడం మానలేదు, మాననూ మానను. కానీ ఎప్పుడైనా ఉన్నట్టుండి నా గొంతు ఆగిపోతే, ఈ కథ ఎన్నోసార్లు విన్న మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే అడుగుతారు: "గేర్‌బాక్స్ ఇంకా కిందే ఉందా?"

ఉందంటే, చెప్పేస్తాను.