చలాన్లు సౌభాగ్యకు, తాళాలు వాళ్ళకు

అఫ్జల్‌గంజ్‌లో సిగ్నల్ దాటింది సౌభాగ్య. బషీర్‌బాగ్‌లో హెల్మెట్ లేకుండా పోయింది సౌభాగ్య. ఉస్మాన్‌గంజ్‌లో రాంగ్ రూటులో వచ్చిందీ సౌభాగ్యే. చలాన్లు చదివితే ఆమె పేరుమోసిన నేరస్థురాలు. నిజానికి ఆ సమయాల్లో ఆమె నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, తన ఇంట్లో, కుట్టుమిషను ముందు కూచుని చీరలకు ఫాల్ కుడుతోంది. ఆమెకు బండి నడపడం రాదు.

ఆ ఇంట్లోని బండ్లన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో పంతులుగారు జాతకం చూసి, ఈ అమ్మాయికి వాహనయోగం బ్రహ్మాండంగా ఉందన్నాడు. భర్త శ్యామ్‌సుందర్ బైకు కొన్నా, మరిది సిద్ధార్థ్ బైకు కొన్నా కాగితాల మీద సౌభాగ్యే. బండి ఇంటికి రాగానే బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దేది ఆమె. వాటిని తొక్కించుకుంటూ రయ్యిన పోయేది వాళ్ళు. చలాను మాత్రం ఫొటోతో సహా ఆమె సెల్‌కే వచ్చేది. ఫొటోలో భర్తదో మరిదిదో వెనక తలకాయ.

"మల్లొచ్చిందండి" అని చూపించేది.

"రానీ తీ. నిన్నేమన్న జైల్ల ఏస్తరా?" అని నవ్వేవాడు శ్యామ్‌సుందర్. ఆమె కూడా నవ్వేది. మన ఇళ్ళల్లో దీన్ని ఆడవాళ్ళకిచ్చే గౌరవం అంటారు.

నేర్చుకుంటానని ఆమె అడగకపోలేదు. కూతురు శ్రీనిధి చంకలో ఉన్నప్పుడు అడిగితే "నేర్పిస్త, జర పిల్ల పెద్దగ కానీ" అన్నాడు. పిల్ల పెద్దదయ్యాక, "మెట్రో కోసమని రోడ్డంత తవ్విపెట్టిన్రు, ఇది నేర్చుకునే టైమా?" అన్నాడు. మెట్రో నడిచాక నుమాయిష్ ఎగ్జిబిషన్ రష్షు. రష్షు తగ్గితే ఎండలు, ఆ వెనకే వానలు. కిందటేడు అడిగితే, "ఈ వయసుల కింద పడితే బొక్కలు అతుక్కోవు" అన్నాడు. ఇన్నేళ్ళూ తొందరన్నది ఒక్కసారిగా ఆలస్యమైపోయింది. మధ్యలో సరైన రోజు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఆమెకెవరూ చెప్పలేదు.

"అయినా నీకేం తక్కువ? నేను దింపుత గద!" ఇది ఆఖరి మాట. దింపేవాడు, అబద్ధం కాదు. చీరల మూట ఒళ్ళో పెట్టుకుని, రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసి వెనక కూచునేది. అబిడ్స్‌లో బట్టల దుకాణాలకు మూట అప్పగించి, ఉస్మాన్‌గంజ్‌లో ఆయన బెల్లం దుకాణం షట్టరు దించి వచ్చేదాకా పెద్ద పోస్టాఫీసు ముందు నిలబడేది. కూచోవడానికి కుర్చీ లేదు, నడిచిపోదామంటే దుకాణాలవాళ్ళు కొత్తగా కుట్టమనిచ్చిన చీరలు మూడు సంచుల బరువు.

అలాంటి ఇంటికి యారాలుగా వచ్చింది ప్రణవి.

సిద్ధార్థ్ భార్య. సిద్దిపేట దగ్గరి పల్లె. బషీర్‌బాగ్‌లో ఏదో కంపెనీలో పని. వచ్చిన ఏడాదికే తన జీతంతో స్కూటీ కొనుక్కుంది. "పేరు మాత్రం సౌభాగ్యదే ఉండాలె, దాని పేరు కలిసొస్తది" అని పట్టుబట్టింది అత్త జానకమ్మ. జీతం ఒకరిది, పేరు ఒకరిది. ఆ ఇంట్లో ఏ ఆడదానికీ ఏదీ పూర్తిగా దక్కలేదు.

రోజూ పొద్దున్న సౌభాగ్య కిటికీ దగ్గర నిలబడి చూసేది. బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు చేతిలో చాట. ప్రణవి హెల్మెట్ పెట్టుకుంటుంది, గడ్డం కింద క్లిప్పు టక్కుమంటుంది. ఆ చప్పుడు సౌభాగ్యకు పంటికింద రాయిలా తగిలేది. రెండు ఆటోలు ఎదురైతే బిగుసుకుపోయే ఆ గల్లీలో, ప్రణవి ఒక కాలు నేలకు ఆనించి బండిని ఇట్టే తిప్పేది. చీర మీదా, జీతం మీదా సౌభాగ్యకు కుళ్ళు లేదు. ఆ ఒక్క కాలి మీదే.

"ఎండల తిరిగి తిరిగి మొఖం చూసుకున్నవా? మాడిన జొన్నరొట్టె లెక్కైంది" అనేది.

"హెల్మెట్‌ల ఎండ యాడ తాకుతదక్కా?" అని నవ్వేది ప్రణవి.

ఒకసారి మాటల్లో చెప్పింది. "మా బాపు టీవీఎస్ మీద నేర్పిండక్కా. సీటు వట్టుకొని ఎనకెనక ఉరికేటోడు. నేను ముంగట, బాపు ఎనక, బాపు ఎనక ఊరకుక్కలు! కింద వడితె నన్ను లేపకపోతుండె, బండిని లేపుతుండె."

జానకమ్మ కూడా పడిపడి నవ్వింది. సౌభాగ్యకు మాత్రం కడుపులో నిప్పు పోసినట్టయింది. తన వెనక ఎవరూ ఉరకలేదు. పుట్టింట్లో సైకిల్ ఉండేది. దాని మీద తమ్ముడికి నేర్పుతుంటే ఈమె నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది.

"నేను నేర్పుత రా అక్కా" అంది ప్రణవి ఆ రోజే.

"నీ దగ్గర నేర్చుకునే గతి నాకింక పట్టలే" అంది సౌభాగ్య.

తర్వాత కొన్నాళ్ళకు సెల్ మోగింది. చలాను. ఈసారి వెనక తలకాయ కాదు, ముఖం. బషీర్‌బాగ్ సిగ్నల్ దగ్గర స్కూటీ ముందు చక్రం తెల్లగీత దాటి ఉంది. ప్రణవి హెల్మెట్ అద్దం పైకెత్తి దేనికో నవ్వుతోంది. సౌభాగ్య వేళ్ళతో ఫొటోను పెద్దది చేసుకుని చూసింది. బండి తన పేరు మీదిది, నేరం తన పేరు మీదిది. ఆ నవ్వొక్కటే తనది కాదు.

నేరుగా తీసుకెళ్ళి అత్తకు చూపించింది. "చూడుండ్రి అత్తమ్మా, సిగ్నల్ కాడ మీ కోడలి సోకు."

"గిదేందే! నడిరోడ్డు మీద గిట్ల ఇకిలిచ్చుకుంటనా?" జానకమ్మ భగ్గుమంది. సాయంత్రానికి తీర్పు అయిపోయింది. స్కూటీ అమ్మేయాలి. సిద్ధార్థే ప్రణవిని దింపుతాడు. ఆ సెల్‌లోనే అన్నదమ్ముల చలాన్లు కుప్పలుగా ఉన్నాయి. వాళ్ళ బైకులు అమ్మాలని ఎవరికీ తోచలేదు.

ఆ పూట సౌభాగ్యకు చల్లగా అనిపించింది. మర్నాడు చాట పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది. ప్రణవి సిద్ధార్థ్ వెనక, పక్కకు తిరిగి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూచుని పోయింది. తనలాగే. హెల్మెట్ టక్కుమనలేదు. చూసి కుళ్ళుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. గేటు పక్కన స్కూటీ దుమ్ము పట్టి నిలబడింది. అది పోతే ప్రణవికే కాదు, తనకూ ఇక ఎప్పటికీ లేదు. బైకులు ఎత్తు, వాటి తాళాలు మగవాళ్ళ జేబుల్లో. ఆ ఇంట్లో చీరకట్టుతో నడపగల బండి అదొక్కటే.

అఫ్జల్‌గంజ్‌లో పాతబండ్లు కొనే భూపాల్ శనివారం వచ్చాడు. పేరు మారాలంటే యజమాని సెల్‌కు ఓటీపీ వస్తుంది.

"వదినా, వచ్చిందా? జర నంబర్ చెప్పు" అన్నాడు సిద్ధార్థ్.

"వచ్చింది. చెప్ప."

"ఏందీ?"

"బండి ఇయ్య. నేను నేర్చుకోవాలె."

శ్యామ్‌సుందర్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఇప్పుడా? జర ఆగరాదు, దసరా పోనీ..."

"దసరా ఏటేటా పోతనే ఉన్నదండి."

భూపాల్ చెవి గోక్కున్నాడు. "మీరు మీరు తేల్చుకోండ్రి సార్, నేను మల్లొస్త" అని జారుకున్నాడు.

అందరి కళ్ళూ ప్రణవి వైపు తిరిగాయి. ఆమె సౌభాగ్యను సూటిగా చూసింది. "ఎవరు నేర్పాలె నీకు? నేనా? నా మీద చాడీ చెప్పి, బండి అమ్మకానికి పెట్టించి, ఇప్పుడు నన్నే నేర్పమంటవా?"

"ఔ" అంది సౌభాగ్య. "నిన్ను జూస్తే కడుపు మండుతది నాకు. మీ బాపును తల్చుకుంటే ఇంకా మండుతది. అందుకే చెప్పిన. ఆ మంట చల్లారాలంటే ఇదొక్కటే తొవ్వ."

ప్రణవి గోడకు వేలాడుతున్న హెల్మెట్ తీసి, దుమ్ము తుడిచి, సౌభాగ్య చేతుల్లో పడేసింది. "ముందుగాల ఎల్‌ఎల్‌ఆర్ తీస్కో, లర్నింగ్ లైసెన్స్ లేంది బండి ముట్టొద్దు. కొంగు ఏలాడేస్తే మాత్రం నేను రాను."

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక వచ్చిన మొదటి ఆదివారం, పొద్దున్నే, అబిడ్స్ పక్క గల్లీ. దుకాణాలు మూసి ఉన్నాయి. పాత పుస్తకాలవాళ్ళు అప్పుడే రెండు వైపులా పట్టాలు పరుస్తున్నారు. సౌభాగ్య కొంగు నడుముకు దోపి, రెండు కాళ్ళూ ముందు పెట్టుకుని కూచుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. ప్రణవి వెనక కడ్డీ పట్టుకుంది.

బండి కుడికి పోయింది. మళ్ళీ కదిలించింది. మళ్ళీ కుడికే.

"అమ్మా, పుస్తకాలు చదవనీకి, తొక్కనీకి కాదు!" అని అరిచాడు కుడిపక్క పట్టా మీది పెద్దాయన.

ప్రణవి ఆపింది. చుట్టూ తిరిగి ఆమె కూచున్న తీరు చూసి నుదురు కొట్టుకుంది. "అక్కా! నువ్వింకా ఎనకనే కూసున్నవ్!"

నిజమే. కాళ్ళు రెండూ ఎడమకు వేసుకుని, ముందున్నవాడి బండి ఒరగకుండా నడుము కుడికి వంచి కూచోవడం ఆమె ఒంటికి అలవాటైపోయింది. తన బరువు ఎవరికీ తెలియకుండా చూసుకోవడం ఒక్కటే ఇన్నేళ్ళు బండ్ల మీద ఆమె నేర్చుకున్న విద్య.

"ఎవర్ని ఆపుతున్నవే? ముంగట ఎవరు లేరు. సక్కగ కూసో" అంది ప్రణవి. అక్క అన్న పిలుపు పోయి 'వే' వచ్చినా సౌభాగ్యకు కోపం రాలేదు.

నడుము నిటారుగా పెట్టింది. బండి నేరుగా కదిలింది. వెనక చెప్పుల చప్పుడు, ప్రణవి ఆయాసం. ఒకరు తన వెనక ఉరుకుతున్నారు. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనన్న భయంతోనే ఆమె గల్లీ చివరిదాకా వెళ్ళింది.

ఇప్పుడు సౌభాగ్య చీరల మూటను కాళ్ళ ముందు పెట్టుకుని పోతోంది. లైసెన్సు వచ్చింది. స్కూటీ అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పొద్దున ప్రణవి తీసుకుపోతుంది, సాయంత్రం ఈమె. మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు శ్యామ్‌సుందర్ గేటుకు అడ్డంగా నిలబడి నోరు తెరిచాడు. "జర పక్కకు జరుగుండ్రి, బండి లోపల పెట్టాలె" అంది, అంతే. ప్రణవి అంటే కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. ఆ గల్లీలో ఒంటికాలి మీద తిప్పడం సౌభాగ్యకు ఇంకా రాలేదు.

చదువుతున్న మీరు లేచి మీ బండి కాగితాలు తీయండి. అవి మీ ఇంటి ఆడమనిషి పేరు మీద ఉంటే, తాళం ఎవరి జేబులో ఉందో కూడా చూడండి. ఆమె అడిగినప్పుడు మీరు ఏ పండుగ పేరు, ఏ పరీక్ష పేరు చెప్పారో గుర్తు చేసుకోండి. ఈ వారమే ఎల్‌ఎల్‌ఆర్‌కు పెట్టించండి. అది చేతికొచ్చిన ఆదివారం పొద్దున్నే తాళం ఆమెకిచ్చి, ఆమె వెనక కాస్త దూరం పరుగెత్తండి. ఆయాసం వస్తే రానివ్వండి. ఆమె పడిపోతే, ముందు బండిని లేపండి. ఆమె తనంతట తనే లేస్తుంది.