చక్రాల్లేని ఓడకు నిమ్మకాయలు

టికెట్టు కావాలంటే మనుషులు ఇంకా ఆఫీసుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, టీ తాగి, పిల్లల చదువుల గురించి మాట్లాడి, లేవబోతూ అసలు సంగతి బయటపెట్టే రోజులవి. రాయపూర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో అప్పుడే చేరాను. చార్‌ధామ్ బస్సులు, గోవా రైళ్లు, ఎప్పుడైనా ఒక సింగపూర్ విమానం, అంతే మా వ్యాపారం. ఎటు వెళ్లినా రాత్రంతా రైల్లో కూర్చుంటే తప్ప సముద్రం కనిపించని ఊరు మాది. ఇక నౌకాయానంలో నా అనుభవమంతా మా ఊరి చెరువు బూఢా తాలాబ్‌లో పెడల్ బోటు తొక్కడమే (అదీ మధ్యలో మొరాయిస్తే ఎవరో తాడేసి ఒడ్డుకు లాగారు). అలాంటి నన్ను ఒక రోజు మా యజమాని, అందరం సేఠ్‌జీ అని పిలిచే పెద్దాయన, దగ్గరికి పిలిచారు. ముంబయి నుంచి కొత్త ఓడ ఒకటి మొట్టమొదటిసారి బయల్దేరుతోందట, ట్రావెల్ ఆఫీసులకు రెండేసి సీట్లు ఊరికే ఇస్తున్నారట, తనకేమో నీళ్లంటే భయమట, నువ్వెళ్లిరా అన్నారు. ఆ పూటంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

దానికో మెలిక ఉంది. తిరిగొచ్చాక ఊళ్లో కాస్త డబ్బున్నవాళ్లని హోటల్ హాలుకు పిలుస్తారు, వాళ్ల ముందు నేను నిలబడి ఆ ఓడ ప్రయాణంలో మంచేమిటో చెడేమిటో చెప్పాలి. విన్నవాళ్లు టికెట్లు కొంటే నా ఉద్యోగం పక్కా. కొనకపోతే, "దేఖ్ బేటీ, ఫిర్ సోచేంగే" అన్నారు సేఠ్‌జీ. ఆ ఆలోచించడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఎందుకంటే ఇంట్లో నాన్న ముందే తేల్చి చెప్పేశారు, ఈ ఉద్యోగం నిలబడకపోతే మాట్లాడకుండా బీఈడీలో చేరాలని. బ్లాక్‌బోర్డు ముందు సుద్దముక్కతో నన్ను ఊహించుకుంటేనే నాకు జ్వరం వచ్చేది. కాబట్టి ఆ ఓడ తేలడం ఓడ వాళ్లకెంత ముఖ్యమో తెలియదు గానీ, నాకు మాత్రం చచ్చేంత ముఖ్యం.

రెండో సీటు మా మేనత్తకు దక్కింది. ఆడపిల్ల ఒక్కతే వెళ్లడానికి వీల్లేదని అమ్మ పట్టుబట్టింది మరి. మా మామయ్య గూడ్సు బండి గార్డుగా చేశారు కాబట్టి రైల్వే కాలనీలో అందరికీ ఆవిడ గార్డత్త. ముప్పై రైళ్లెక్కినా తడబడని మనిషి, ఓడ అనగానే కూడా కంగారు పడలేదు. హోల్డాలు సర్దింది, పెట్టెకు గొలుసూ తాళం తీసింది, పూరీలూ బంగాళాదుంప కూరా కట్టింది. అన్నిటికన్నా ముందు సంచీలో నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ వేసుకుంది. మా కాలనీలో స్కూటర్ కొన్నా, ఆటో కొన్నా, షెడ్డులోకి కొత్త ఇంజను వచ్చినా చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా కదలనివ్వరు. "తొలి బండి కదే, ఊరికే వొదిలీడమేనా?" అంది. ఓడ వాళ్లు ఏవో చేసుకుంటారులే అత్తా అన్నాను. "ఆళ్లు చెయ్యకపోతేనో? లోపలుండీది మనం" అంది.

ముంబయి రేవులో ఆ ఓడను చూసి నేను నోరు వెళ్లబెట్టాను. మా రైల్వే కాలనీ క్వార్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, తెల్ల సున్నం కొట్టి నీళ్లలో నిలబెట్టినట్టు ఉంది. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. గార్డత్త మాత్రం దాని పక్కనే అటూ ఇటూ వంగి చూస్తోంది. ఆఖరికి ఒక యూనిఫాం ఆయన్ని పట్టుకుని, "భయ్యా, ఇస్‌కా పహియా కిధర్ హై?" అని అడిగేసింది. ఓడకు చక్రాలుండవని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. నేను వేరే దిక్కుకు తిరిగి, ఈవిడెవరో నాకు తెలియదన్నట్టు నిలబడ్డాను. "మరేటి మీద నడుస్తాదే?" అంది నాకేసి తిరిగి (తెలియనట్టు నిలబడ్డా లాభం లేకపోయింది). కాసేపు ఆలోచించి, మనుషులెక్కే వంతెన మొదట్లో రెండు, చివర రెండు నిమ్మకాయలు పెట్టి, ఎక్కే వాళ్లనే తొక్కమంది. వెనకున్న గుజరాతీ అమ్మలిద్దరు చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని తొక్కారు.

ఇక్కడే తొలి ప్రయాణం మహిమ బయటపడింది. అక్కడున్న సిబ్బందిలో ఎవరికీ ఇది కార్యక్రమంలో ఉందో లేదో తెలియదు. ఒకరు ఇంకొకరి మొహం చూశారు. ఆ ఇంకొకరు వైర్‌లెస్‌లో పైవాళ్లనడిగారు. పైవాళ్లకూ తెలియదు. లేదని చెప్పి తప్పు చేయడం కన్నా ఉందనుకోవడమే నయమనిపించిందేమో, ఎవరో వెండి పళ్లెం తెచ్చి గార్డత్త చేతికిచ్చారు, బ్యాండు వాళ్లు వాయించడం మొదలుపెట్టారు, ఫోటోలాయన కొబ్బరికాయ కొట్టడం సరిగ్గా రాలేదని మళ్లీ కొట్టమన్నాడు. ఉన్నదొకటే అంటే వంటింట్లోంచి ఇంకోటి పట్టుకొచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. "చూసినావా, ఆళ్లకీ కావాలి, అడగడానికి మొహమాటం" అంది అత్త.

లోపలికెళ్లాక చెడ్డ సంగతులు ఒక్కొక్కటే ఎదురయ్యాయి. ఎక్కడ చూసినా రంగు వాసన. గార్డత్త పచ్చ చీరకు ఒక తెల్ల చార అంటుకుని, ఆ ప్రయాణం పొడుగునా కొత్త అంచులా మెరిసింది. లిఫ్టు మనం నొక్కిన అంతస్తులో తప్ప అన్నిచోట్లా ఆగేది. స్నానాల గదిలో కుళాయి తిప్పితే పిడి నా చేతికొచ్చింది. గోడలకు బోర్డులింకా బిగించలేదు, అందుకని భోజనాల హాలు వెతుక్కుంటూ వెళ్తే ఈత కొలనో, ఈత కొలను కోసం వెళ్తే వంటగదో తగిలేది. ట్రే పట్టుకున్న వెయిటరొకడు మమ్మల్నే ఆపి, చీటీ మీది నంబరు చూపించి ఈ గది ఎటు అని అడిగాడు. గొలుసు కట్టడానికి మంచానికి కాలు లేదని అత్త పెట్టెకూ తన చేతికీ కట్టుకుని పడుకుంది. ఇవన్నీ హాలులో చెప్పానా, నా బీఈడీ సీటు ఖాయం.

కానీ ఎంత సంబరంగా ఉందో ఆ రెండు రోజులూ. దారి తప్పిన వాళ్లందరం ఒకచోట చేరి, ఎటు పోవాలో తేల్చుకోలేక, అక్కడే కూర్చుని కబుర్లలో పడేవాళ్లం. గార్డత్త పూరీలు ఒక డాక్టరు కుటుంబం తిన్నది, వాళ్ల ఢోక్లా మేం తిన్నాం. కెప్టెన్ స్వయంగా ప్రతి బల్ల దగ్గరికొచ్చి అంతా బాగుందా అని అడిగాడు. "బహుత్ బఢియా, మగర్ నల్ ఠీక్ కరవాదో బేటా" అంది అత్త, పెద్ద కొడుక్కి పని చెప్పినట్టు. ఆయన నవ్వి, తన గదిలో కుళాయి కూడా అలాగే ఊడిందన్నాడు.

రాయపూర్‌లో హాలు నిండింది. ధర్సీవా ఇనుప ఫ్యాక్టరీల వాళ్లు, ఆరంగ్ నుంచి బియ్యం మిల్లు కుటుంబం, మా కాలనీ జనం. మంచి అంతా చెప్పేసి, చెడు దగ్గరికొచ్చేసరికి అబద్ధం నోటికి రాలేదు. రంగు వాసన, లిఫ్టు, కుళాయి, అన్నీ చెప్పేశాను. సేఠ్‌జీ మొహం మాడిపోయింది. అప్పుడు బియ్యం మిల్లు సేఠానీ ఒకావిడ లేచి, అయితే తొలిసారి వెళ్లకూడదన్నమాటేగా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ముందు వరసలోంచి గార్డత్త అందుకుంది. "పెహలీ బార్ మే తో న ఉన్‌కో పతా, న హమ్‌కో. మిల్‌కే ఢూంఢ్‌తే హై. దూస్‌రీ బార్ ఉన్‌కో సబ్ పతా రహేగా, అనాడీ ఖాలీ హమ్ లోగ్." తొలిసారి ఓడ వాళ్లూ మనమూ కలిసి వెతుక్కుంటామట, రెండోసారి తెలియని వాళ్లం మనమొక్కళ్లమే మిగులుతామట. హాలంతా ఒకటే నవ్వు. నా ప్రాణం లేచొచ్చింది.

అక్కడే అసలు చిక్కొచ్చింది. అందరూ తొలి ప్రయాణానికే టికెట్లు కావాలన్నారు. అది అయిపోయింది కదమ్మా అని సేఠ్‌జీ మొత్తుకుంటే, "అయితే ఈసారి తొలిసారి ఎప్పుడో కబురు పెట్టండి" అని సమోసాలు తినేసి లేచారు. ఒక్క టికెట్టూ తెగలేదు. బీఈడీ కాలేజీ గేటు నా కళ్ల ముందు తెరుచుకుంది. సేఠ్‌జీ చాలాసేపు ఖాళీ కుర్చీల మధ్య తల పట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి గార్డత్తను అడిగారు, నీళ్లంటే మీకు భయమెయ్యలేదా అని. ఎందుకెయ్యలేదు, వేసింది, పక్కావిడకీ వేసిందట, ఇద్దరం కూర్చుని చాయ్ తాగాం అంది అత్త. ఆ మాట ఆయనకెక్కడ తగిలిందో, మర్నాడు తనకూ తన భార్యకూ రెండు టికెట్లు రాయమన్నారు. నీళ్లంటే వణికే సేఠే వెళ్తున్నాడని తెలిసి ఊళ్లో వాళ్లు వరసకట్టారు. నా ఉద్యోగం పక్కా అయింది, సుద్దముక్క తప్పింది.

అప్పటినుంచి ఏటా జనాన్ని వెంటేసుకుని ఓడలెక్కుతూనే ఉన్నాను. ఏ వైపు గది తక్కువ ఊగుతుందో, భోజనానికి ఎప్పుడు వెళ్తే వరస ఉండదో అన్నీ కంఠస్థం. లిఫ్టులు నొక్కిన చోటే ఆగుతాయి, కుళాయిలు ఊడవు, ఎవరూ ఎవరినీ దారి అడగరు. పోయినేడు ఒక ఓడలో ఊరికే నడవాలో నిలబడి ఉంటే, సిబ్బందిలో ఒకమ్మాయి దగ్గరికొచ్చి, "మొదటిసారా మేడమ్?" అని హిందీలో అడిగింది. అవునన్నాను. పాపం ఆ అమ్మాయి ప్రతి మలుపూ చూపిస్తూ భోజనాల హాలు దాకా వచ్చి దిగబెట్టింది, నేను ఔనా ఔనా అంటూ వెంట నడిచాను.