నున్నటి ఇంట్లో గరుకు దారి

నా ఫోనులో మనుషుల ఫొటోలకన్నా గోడల ఫొటోలే ఎక్కువ. ఎక్కడికి వెళ్ళినా నా చూపు ముందు గది మీద పడుతుంది. శ్రీశైలంలో ఒక హోటల్ మెట్ల పక్కన గోడలోనే వదిలిన దీపపు గూడు, పెళ్ళికి వెళ్ళినప్పుడు విజయవాడ హోటల్లో మంచం వెనక గోడంతా పరిచి బిగించిన మంగళగిరి చీర, ఏదో సత్రంలో కిటికీ రెక్కలకు వేసిన లేత ఆకుపచ్చ రంగు, ఇవన్నీ అందులో ఉన్నాయి. "గుడికి పోయి దేవుణ్ణి చూసి రావే అంటే సత్రం గోడలు చూసొస్తది" అని మావారు నలుగురిలో నవ్విస్తుంటారు. దేవుణ్ణీ చూస్తాను. ఆయన్ని చూడడానికి వచ్చినవాళ్ళను ఎక్కడ పడుకోబెట్టారో కూడా చూస్తాను, అంతే.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఇల్లు సర్దుకోవడం మాత్రం ఎవరూ చెప్పలేదు. చూసి నచ్చింది మనసులో పెట్టుకోవడం, ఇంటికొచ్చాక మనకున్నదాంతో చేసుకోవడం, నాకు వచ్చిన విద్య అదే. పాత పట్టు అంచులు కత్తిరించి దిండ్లకు కుట్టాను. పగిలిన జాడీలో తులసి వేశాను. మా మాచర్ల ఇల్లు వానకు ధారగా కారడం మొదలయ్యాక, దాన్ని తీసేసి అదే స్థలంలో కొత్తది కడదామని మావారు అన్నప్పుడు, చెన్నకేశవస్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. "లోపల ఏం చేసుకుంటావో నీ ఇష్టం" అన్నారు కూడా. ఒక్క షరతు పెట్టారు. కింద టైల్సే వేయాలి.

"జీవితమంతా నాపరాళ్ళ లారీ తోలా. లోడెత్తా, దించా. ఇంటికొచ్చి మళ్ళా వాటి మీదే నడవాల్నా? నాకు అద్దంలాగా మెరవాలి. కిందకి చూస్తే నా మీసం కనపడాలి."

అడిగింది న్యాయమే. సరేనన్నాను.

మేము ముగ్గురం. మూడోమనిషి మా అత్తయ్య. నీటికాసుల జబ్బుతో ఆమె చూపు నెమ్మదిగా వెళ్ళిపోయింది. ఇప్పుడు వెలుగు ఎటుందో తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. అయినా పాత ఇంట్లో ఆమెను ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించలేదు. నాపరాళ్ళ మధ్య అతుకులు అరిగి గాడి పడి ఉండేవి. ఆ గాడిలో బొటనవేలు పెట్టి వంటింట్లోకి, పెరట్లోకి రైలు పట్టాల మీద నడిచినట్టు నడిచేది. పప్పులో ఉప్పు తక్కువైతే మంచం మీదినుంచి లేచొచ్చి మరీ చెప్పేది.

కొత్త ఇంట్లో హాలుకు టైల్సు పరవడం అయ్యాక, అద్దె ఇంటినుంచి ఆమెను తీసుకొచ్చి చూపించాం. నాలుగడుగులు వేసింది. చేతులు రెండూ ముందుకు చాచింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. హాలు నడిమధ్య ఆగిపోయి, అక్కడే చతికిలబడింది.

"ఏందే ఇది, యాడ పెట్టినా ఒకటే నునుపు. గోడ యాడుందో, గుమ్మం యాడుందో కాలికి తెలవట్లా."

"అలవాటైతదిలే అమ్మా" అన్నారు మావారు.

"నీకలవాటైతదిరా, కళ్ళున్నయ్ గందా. నన్ను ఓ మూల మూటలాగా పెట్టండి. ఎత్తినప్పుడు లేత్తా, దించినప్పుడు కూసుంటా. నీ లారీలో రాయి మాదిరి."

ఆమె ఎప్పుడూ వేళాకోళమే ఆడుతుంది. ఆ రోజు మాత్రం ఆ మాట అన్నాక నవ్వలేదు. ఎవరి చెయ్యీ అడగకుండా బతికిన మనిషి. ఈ ఇంట్లో ఆమె తనంతట తాను నడవలేకపోతే, నేను పోగుచేసిన రంగులూ గూళ్ళూ ఎవరికోసం? గోడలు కట్టడం అయిపోయింది, హాలు పరవడం అయిపోయింది. నాకేమీ తోచలేదు. ఆ చెన్నకేశవుడికి చెప్పుకోవడం తప్ప.

రామేశ్వరం మొక్కు అంతకుముందే ఉంది. మావారూ నేనూ బయల్దేరాం, అత్తయ్య దగ్గర మా ఆడపడుచు వచ్చి ఉంది. తిరుగు దారిలో కారైకుడి దగ్గర ఒక పాతకాలపు బంగళాను హోటలు చేస్తే అందులో దిగాం. మిట్ట మధ్యాహ్నం. బయట ఎండకు కళ్ళు బైర్లు కమ్మి ఉన్నాయి. లోపలికి అడుగు పెడితే అంతా చీకటి, ఏమీ కనపడలేదు. కానీ చెప్పులు వాకిట్లోనే విడిచాను కదా, కాలికి అన్నీ తెలుస్తున్నాయి. ముందు నున్నటి చల్లటి గచ్చు. నాలుగడుగులయ్యాక గరుకు రాయి. అక్కడ ఆగాను. కళ్ళు సర్దుకున్నాక చూస్తే ఎదురుగా రెండు మెట్ల లోతున చావిడి. ఆ గరుకు అంచు లేకపోతే అందులో పడేదాన్నే.

నేను అడిగినదానికి జవాబును దేవుడు ఎండలోనుంచి నీడలోకి నడిపించి మరీ ఇచ్చాడనిపించింది.

పెట్టె కూడా దించకుండా కళ్ళు మూసుకుని ఆ బంగళా అంతా నడవడం మొదలుపెట్టాను. స్తంభాల దగ్గర చెక్క, గుమ్మాల దగ్గర ఇత్తడి బద్ద, మెట్టు ముందు గరుకు. హోటలామె కౌంటర్ వెనకనుంచి పరుగున వచ్చి, చెవి చూపించి, కింద చూపించి, తమిళంలో ఏదో అడిగింది. నా చెవికమ్మ పడిపోయిందనుకుంది పాపం. తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది.

మావారు తల పట్టుకున్నారు. "ఏమే, ఈ వయసులో హోటల్లో కళ్ళగంతలేందే? పరువు దియ్యమాక."

"మీరూ మూసుకుని నడిచి చూడండి. అత్తయ్య కోసం."

ఆయన అటూ ఇటూ చూసి, మూసుకున్నారు. నడిచారు. గరుకు రాయి దగ్గర ఆగి కళ్ళు తెరిచి, నావంక చూశారు. బస్సులో కూర్చున్నాక, "తెలుస్తందే" అన్నారు. అంతే.

ఇంటికొచ్చిన వారంలోనే దుర్గి వెళ్ళాను. మాకు దగ్గరే కదా. అక్కడ రాతిబొమ్మలు చెక్కే ఇళ్ళలో ఒకరికి పూజగదికి చిన్న రాతి మండపం చెప్పి ఉన్నాను. పాకలో కూర్చున్న శిల్పితో, మండపం సరేగానీ, నాపరాళ్ళకు ఉలితో గరుకు పెట్టి ఇవ్వాలి, హాలులో సన్నటి దారిలాగా వేస్తాం అన్నాను.

"అమ్మా, ఇంకా నునుపు రావాలని అందరూ మా ప్రాణం తీస్తారు. మీరేంది, గరుకు చేయమంటారు?"

సంగతి చెప్పాను. ఆయన భార్య అక్కడే దేవుడి బొమ్మకు సానపడుతోంది. లేచొచ్చి ఒక ముక్కను కింద పెట్టి, "తొక్కి చూడక్కా" అంది. తొక్కాను. మడమ చురుక్కుమంది, చీర కుచ్చిళ్ళ దారం ఒకటి పట్టుకుని లాగేసింది. ముగ్గురం నవ్వుకున్నాం. రెండో ముక్క మరీ నునుపు. మూడోది కాలికి తెలిసింది, గుచ్చలేదు. అదే ఖాయం చేశాం. నేనూ ఒక గీత కొడతానని ఉలి అడిగాను. వంకరగా పోయింది. "పామెళ్ళినట్టుంది, దీన్ని మంచం కిందకి ఎయ్యండి" అంది ఆమె. ఆ పూటంతా వాళ్ళ పాకలో రాతిపొడి పీల్చుకుంటూ కూర్చోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి.

టైల్సు పరిచే మేస్త్రి మాత్రం గొణిగాడు. "వదినా, కొత్తగా ఏసిన టైలు కోత్తే దానెమ్మడి ఉన్నయ్యి కూడా పగుల్తయ్." అందుకని తక్కువ కోతతో అయ్యేలా, అత్తయ్య గదినుంచి హాలు గోడ వెంబడే పూజగది దాకా గరుకు రాళ్ళు వేయించాను. స్నానాల గది కూడా ఆ దారిలోనే వస్తుంది. ఆ వయసులో మనిషికి లేవగానే ఏం కావాలి? స్నానం, దేవుడు. నాకు అంతకన్నా ఏమీ తోచలేదు.

పని అయిన రోజు అత్తయ్యను తీసుకొచ్చి ఆమె గది గుమ్మంలో నిలబెట్టాం. ఎవరం చెయ్యి పట్టుకోలేదు. పాదం పెట్టింది. ఆగింది. బొటనవేలితో రాసి చూసింది.

"ఇదేందే, తిరగలికి కక్కు కొట్టినట్టుంది!"

పూర్వం తిరగలి అరిగి పిండి సరిగా పడకపోతే, ఉలితో గంట్లు పెట్టించేవాళ్ళు. ఆమె దాన్నే పోల్చుకుంది. ముఖమంతా విచ్చుకుంది. చేతులు చాచలేదు. చీర కొంగు నడుముకు దోపుకుని, ఆ గరుకు మీద చకచకా నడుచుకుంటూ వెళ్ళి పూజగది గడప దగ్గర ఆగింది. కర్పూరం వాసన పీల్చింది. దణ్ణం పెట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రి కూడా తాపీ పక్కన పెట్టి చూస్తున్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

"బాగనే ఉంది. మరి ఈదిలోకి దారేదే?"

"వీధిలోకా, అత్తయ్యా?"

"ఈదిలోకే. అరుగు మీద కూసోవద్దా నేను? పొద్దస్తమానం దేవుడి మొకాన కూసుంటే ఆయనకి మాత్రం ఇసుగు పుట్టదా? నాకు మనుషులు గావాలే అమ్మాయ్. కూరగాయలోడితో పోట్టాడాలి. ఎవురి కోడలు ఎవుర్నేమందో తెలవాలి."

నాకు కావలసిన దారిని ఆమె కాళ్ళ కింద పరిచాను. ఆమెను అడగనే లేదు. వీధి గుమ్మానికి దారి వేయాలంటే గోడ వెంబడి కుదరదు. హాలుకు అడ్డంగా, నడిమధ్యనుంచి, మావారు రోజూ వచ్చి తువ్వాలుతో తుడుచుకుని చూసుకునే ఆ మెరుపు మీదుగా పోవాలి. మేస్త్రి ఆయన ముఖంవైపు చూశాడు. నేను చూడలేదు, గడపను చూస్తూ నిలబడ్డాను.

"కోసెయ్" అన్నారు మావారు.

"అన్నా, నట్టనడుమ..."

"కోసెయ్యరా. మీసం చూసుకోవడానికి అటూ ఇటూ చానా జాగా ఉందిలే."

అత్తయ్య మాట వచ్చినవైపు తిరిగింది. "ఏందిరా, నీ కొంపలో అద్దం పగలగొట్టిస్తన్నానా?"

"పగలగొట్టేదాకా ఊరుకుంటావా నువ్వు?"

"ఊరుకోను" అంది, నవ్వుతూ.

హాలు మధ్యగా గరుకు దారి వచ్చింది. చూసినవాళ్ళు ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. మా వీధిలో ఒకావిడ తన ఇంటికీ ఇలాగే కావాలని దుర్గి ఎలా వెళ్ళాలో అడిగింది. చెప్పాను.

కొత్త ఇంట్లో పాలు పొంగించిన మర్నాడు పొద్దున్నే పూజగదిలో దీపం వెలిగించి కూర్చున్నాను. వెనక పాదాల చప్పుడు వినిపించింది, గరగరమంటూ. అది నా వెనకగా వచ్చి, ఆగకుండా హాలులోకి మళ్ళి, దూరమైంది. వీధి తలుపు గడియ తీసిన చప్పుడు. కాసేపటికి అరుగు మీదినుంచి గొంతు. "ఒరేయ్, ఇయ్యి వంకాయలంట్రా? నాకు కనపడదని పుచ్చువి పెడతన్నావా, చేత్తో చూడలేననుకున్నావా?"

నేను చదువుతున్న నామాలు ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయాను. చేతులు జోడించి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను. బయట ఆమె ఇంకా బేరమాడుతూనే ఉంది.