చూసినవా, విన్నవా

దయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. గవర్నమెంటు టీచరు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. డిప్యూటేషన్ ఆర్డరు, మధ్యాహ్న భోజనంలో పురుగు, అన్నిటికన్నా ముందు కోదాడ బస్టాండులో తప్పిపోయే పొద్దుటి బస్సు. మా అమ్మ నిమ్మకాయలనీ ఎర్రతాళ్లనీ నమ్మే మనిషి. నేను లెక్కలు చదువుకున్నదాన్ని. ఎవరైనా తమకు జరిగిందని ఇలాంటి ముచ్చట మొదలుపెడితే, మధ్యలోనే తప్పు పట్టుకుని నోరు మూయించేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. ఇందులో తప్పు దొరికితే చెప్పండి, నాకూ కాస్త నిద్ర పడుతుంది.

మా బడి కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి పొలాల మధ్య నుంచి వెళితే వచ్చే ఊళ్లో ఉంది. ఐదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ఒక టీచరు. ఆ ఒక్క టీచరునూ నేనే. పిల్లల్లో కొందరు ఊరివాళ్లు, కొందరు పక్క తండా నుంచి నడిచి వచ్చేవాళ్లు.

నాకంటే ముందు అక్కడ రంగయ్య సార్ అని ఒకాయన చాలా ఏళ్లు పనిచేశారు. మిర్యాలగూడ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారట. నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చనిపోయాక, ఆ ఖాళీలోకి జూన్‌లో నన్ను వేశారు.

మామూలుగా బడుల్లో ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక ఒక పిల్లవాడు పేపరు చూసి వార్తలు చదువుతాడు. మా ఊరికి పేపరు వచ్చేసరికి రెండో పీరియడు అవుతుంది. అందుకని రంగయ్య సార్ వేరే పద్ధతి పెట్టారు. రోజుకొకరు ముందుకొచ్చి తమ ఇంటిదో, వాడదో ఒక వార్త చెప్పాలి. మా బర్రె ఈనింది. మా బోరు ఎండిపోయింది. మా బాపు దామరచర్లల పనికి కుదిరిండు. వార్త అవగానే సార్ ఒకటే ప్రశ్న అడిగేవారు. "చూసినవా, విన్నవా?" కళ్లారా చూస్తే చూసిన అనాలి, ఎవరో చెబితే విన్న అనాలి. ఆ తర్వాత సార్ "ఇగ నడువుండ్రి" అంటే పిల్లలు లైనుగా గదుల్లోకి నడవాలి.

ఇదంతా నాకు మొదటి రోజు తెలియదు. ఐదో తరగతి మౌనిక ముందుకొచ్చి, వాళ్ల అక్కకు హాలియా ఊరి సంబంధం కుదిరిందని చెప్పింది. చెప్పి ఆగింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ పిల్ల నా వైపు కాకుండా, జెండా గద్దె పక్కన ఖాళీగా ఉన్న చోటికి చూసి "విన్న సార్" అంది. ఇంకాస్త ఆగి, పిల్లలంతా ఒక్కసారిగా గదుల వైపు కదిలారు. చీర కట్టుకుని ఇంత మనిషిని ఎదురుగా నిలబడితే సార్ అంటుందేమిటని నాకు నవ్వొచ్చింది.

వంట చేసే ఎల్లమ్మను అడిగితే ఆ పద్ధతంతా చెప్పింది. చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్ గాడనే పడ్డడు మేడం. పిల్ల వార్త చెప్పుడు అయింది, సార్ ఛాతి మీద చెయ్యి వెట్టుకుండు, కూలవడ్డడు. ఆటోల ఏసుకొని మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోయిన్రు. మళ్ల రాలే."

వినగానే నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. పిల్లల మనసుకు తగిలిన దెబ్బ, మెల్లగా అదే మానుతుందిలే అనుకున్నాను. వద్దని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

అయితే మానలేదు. రోజూ వార్త, ఆ ఆగడం, ఆ జవాబు, మళ్లీ ఆగడం, నడవడం. ఒకటో తరగతిలో చరణ్ అని ఒకడు చేరాడు. అంతకుముందు ఏడాదంతా సూర్యాపేటలో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు, రంగయ్య సార్ ఎవరో వాడికి తెలియదు. వాడి వంతు వచ్చిన రోజు, ఊళ్లోకి కొండచిలువ వచ్చిందని గొప్పగా చెప్పాడు. ఆగాడు. తల పైకెత్తి, ఎత్తుగా ఉన్న మనిషి మాట వింటున్నట్టు కాసేపు చూశాడు. వాడి ముఖం చిన్నబోయింది. "చూడలే సార్. విన్న" అన్నాడు. పెద్దపిల్లల్ని చూసి నేర్చుకున్నాడు, అంతే. అప్పుడు నాకు నేను అదే చెప్పుకున్నాను.

ఇక గదుల సంగతి చెప్పాలి. బడి తెరిచే ముందు పెద్ద గదికి కొత్తగా రంగులు వేయించారు. బయటి గోడలకు రైలు డబ్బాల బొమ్మ, తలుపు దగ్గర రైలెక్కే మెట్లు, లోపల స్లాబుకు తెల్లటి సున్నం. పిల్లలు ఆ గదిని రైలు అనేవాళ్లు. చిన్న గదికి డబ్బులు చాలలేదు, అది అలాగే నల్లగా ఉండిపోయింది.

ఆ వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. చిన్న గది ఉరవడం, పైనుంచి నీళ్లు కారడం మొదలైంది. మా దగ్గర ఎవరినడిగినా ఒకటే మాట, ఉరిసే ఇల్లే ప్రమాదం. సర్పంచ్ వచ్చి చూసి అదే అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. చిన్న గదికి తాళం వేసి, ఐదు తరగతుల పిల్లల్నీ రైలు గదిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. అందులో ఒక్క చుక్క కూడా కారలేదు. పైకి చూస్తే పాలు పోసినంత తెల్లగా ఉండేది.

ఒక రోజు వాన తెరిపి ఇచ్చింది. ఎల్లమ్మ పొద్దున్నే రైలు గది ఊడ్చి, పిల్లలు కూర్చునే పట్టాలు పరిచింది. నేల మీద సున్నం పెచ్చు ఒక్కటి కూడా లేదని తర్వాత ఆమె అందరి ముందూ ఒట్టేసి చెప్పింది. ప్రార్థన అయింది. వార్త మళ్లీ చరణ్‌దే. వాళ్ల మేక రెండు పిల్లల్ని ఈనిందన్నాడు. ఆగాడు. "చూసిన సార్" అన్నాడు, నవ్వుతూ.

తర్వాత పిల్లలు కదలాలి. కదల్లేదు.

కాసేపు చూసి, లోపలికి నడవండి అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. అందరూ జెండా గద్దె పక్కకే చూస్తున్నారు. సన్నగా తుంపర మొదలైంది, జుట్టు మీద చినుకులు నిలుస్తున్నాయి, అయినా తుడుచుకోరు. నాకు కోపం వచ్చింది. నా గొంతు మామూలుగానే రోడ్డు దాకా వినపడుతుంది, ఆ రోజు తండా దాకా వినపడి ఉంటుంది.

మౌనిక ఒక్కతే నా వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి.

"సార్ ఇంక నడువమనలే మేడం."

"ఏ సార్? ఏడున్నడు సార్?" అని అరిచాను. కోపం వస్తే నాకూ ఇంటి భాషే వస్తుంది.

నేను వెళ్లి చరణ్ రెక్క పట్టుకుని లాగాను. గాలికి ఎగిరిపోయేటట్టుండే పిల్లవాడు. ఇంచు కదల్లేదు. ఏడుస్తున్నాడు గానీ కాళ్లు మాత్రం నేలలో పాతినట్టున్నాయి. వాడి చెయ్యి వదిలేసి, ఇక మీ ఖర్మ, మీరు తడవండి, నేను పోతున్నా అని వరండా ఎక్కాను.

చెప్పు విడుస్తుండగా శబ్దం వచ్చింది. పిడుగు అనుకున్నాను. తలుపులోంచి తెల్లటి దుమ్ము నా ముఖాన కొట్టింది. దుమ్ము తగ్గాక చూస్తే, స్లాబులో సగానికి పైగా పెచ్చులు పెచ్చులుగా కిందికి దిగి ఉంది. ఎల్లమ్మ పరిచిన పట్టాలు కనిపించలేదు. ఫ్యాను రెక్క ఒకటి, ఒకటో తరగతి పిల్లలు కూర్చునే చోట నేలలోకి వంగి దిగింది.

వెనక్కి తిరిగాను. ఒక్క పిల్ల కూడా కేక వేయలేదు. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, అందరూ ఒక్కసారి కదిలారు. లైను చెదరకుండా, బడికి దూరంగా గేటు పక్క బోరింగు దగ్గరికి నడిచి వెళ్లి నిలబడ్డారు. నేను మాత్రం వరండా దిగలేక అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంజనీరు వచ్చి చూసి, లోపల చువ్వలు ఎప్పుడో తుప్పు పట్టాయని, పగుళ్లను సున్నం కప్పేసిందని చెప్పాడు. కాబట్టి స్లాబు ఎందుకు పడిందో నాకు తెలుసు. పిల్లలు ఎందుకు కదల్లేదో ఏ ఇంజనీరూ చెప్పలేదు. లోపల ఏదైనా పగిలిన శబ్దం విన్నారేమోనని ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి అడిగాను. ఎవరూ వినలేదు. సార్ నడువమనలేదు, అంతే.

ఆ ఆదివారం నేను మిర్యాలగూడ వెళ్లి రంగయ్య సార్ ఇల్లు వెతుక్కున్నాను. ఆయన భార్య చాయ్ ఇచ్చి కూర్చోబెట్టింది. స్లాబు సంగతి గానీ, పిల్లల సంగతి గానీ నేను ఎత్తలేదు. చివరి రోజుల్లో సార్ ఏమైనా మాట్లాడారా అని మాత్రం అడిగాను.

"ఏం మాట్లాడతడు బిడ్డా, నన్నే గుర్తు పట్టలే. ఒకటే కలవరింత. పిల్లలు నిలబడే ఉన్నరు, నేను నడువుండ్రని చెప్పలే, నన్ను బడికాడ దించుండ్రి అని. పానం పోయేదాక గదే."

నా చాయ్ చల్లారిపోయింది. ఆమె మళ్లీ వేడి చేసి ఇచ్చినా తాగలేకపోయాను.

సోమవారం నుంచి బడిని కమ్యూనిటీ హాలులో పెట్టాం. హాలు ముందే ప్రార్థన. మౌనిక వార్త చెప్పడానికి వచ్చింది. "మా బడి స్లాబు కూలింది. ఎవ్వలకు దెబ్బ తాకలే." చెప్పి ఆగింది. ఇక్కడ జెండా గద్దె లేదు, అయినా నేను అలవాటుగా పక్కనున్న ఖాళీ వైపు చూశాను. పిల్లలు మాత్రం ఎవరూ అటు చూడటం లేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"అడుగుండ్రి మేడం" అంది మౌనిక.

"ఏమడగాలె?"

"ఇగ నుంచి మేడమే అడుగుతది, మేడమే నడువుమంటది అన్నడు సార్."

"ఎప్పుడన్నడే?"

"బోరింగుకాడికి నడిపిచ్చినప్పుడు."

చూసినవా, విన్నవా అని అడిగాను.

"చూసిన మేడం" అంది ఆ పిల్ల. ఆ బడిలో ఆ ప్రశ్నకు జవాబులో సార్ బదులు మేడం అని వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు రోజూ నేనే అడుగుతున్నాను. పిల్లలు మళ్లీ ఎప్పుడూ ఆ ఖాళీ వైపు చూడలేదు. వాళ్లను నడవమనే ముందు మాత్రం నేను ఒకసారి లోపలికి పోయి పైకప్పు చూసి వస్తాను. వచ్చాక కూడా ఆ మాట నోట్లోంచి తొందరగా రాదు. పిల్లలు ఓపికగా నిలబడి ఉంటారు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారు. రోజూ పిల్లల్ని అడిగే ప్రశ్నకే వాళ్ల ముందు నేను జవాబు చెబుతాను. నేను ఆయన్ని చూడలేదు. ఆయన మాట వినలేదు. నాకు తెలిసిందల్లా, ఆ రోజు నేను లోపలికి నడవమన్నాను, పిల్లలు నా మాట వినలేదు.