పంపు ఆపే చెయ్యి

ఎవరింట అడుగు పెట్టినా అతను ముందు కుడి మడమ ఎత్తి నేలని ఒక్క పోటు పొడుస్తాడు. తల పక్కకి వంచి వింటాడు. గట్టి నేల పొట్టిగా పలుకుతుంది. అడుగున మట్టి జారిపోయిన నేల, లోపలెవరో గొంతు సవరించుకున్నట్టు పలుకుతుంది. పెళ్ళయిన కొత్తలో మామగారి ఇంటికి వెళ్ళి, మంచినీళ్ళైనా తాగకుండా మడమ వేసి, "ఈ మూల డొల్ల" అన్నాడు. మరుసటి వానలకి ఆ మూల దిగబడింది. "నువ్వు తొక్కబట్టే దిగింది అల్లుడూ" అని మామగారు పోయేదాకా అంటూనే ఉన్నాడు.

తోటి పనివాళ్ళు అతన్ని మడమ అనేవారు. ఎదురుగా అనేవారు కాదు. ఎదురుగా అంటే ఏమవుతుందో వాళ్ళలో ఒకరిద్దరి పళ్ళకి తెలుసు.

అతని పని కుంగిన చప్టాలు లేపడం. ఇంటి చుట్టూ పోసిన కాంక్రీటు పలకలు వానకో, పగిలిన గొట్టానికో, ఎలుకలకో అడుగు మట్టి పోయి ఓ వైపుకి ఒరుగుతాయి. వీధిలోకి పోవలసిన నీళ్ళు గదిలోకి వస్తాయి. పలగ్గొట్టి మళ్ళీ పోయడం ఒక దారి. అతనిది రెండో దారి. పలకకి డ్రిల్లుతో బెజ్జాలు వేస్తాడు. బెజ్జంలో గొట్టం బిగించి, మట్టీ సిమెంటూ కలిపిన జావని పంపుతో కిందికి తోయిస్తాడు. జావ ఖాళీలన్నీ నింపుతుంది. ఇంక పోవడానికి చోటు లేక, పలకని వీపున వేసుకుని లేస్తుంది. పదిమంది మోయలేనిదాన్ని బురద మోస్తుంది.

దూరం నుంచి చూస్తే నెమ్మదైన పని. దగ్గర నిలబడితే కాదు. డ్రిల్లు మోత పళ్ళ వేళ్ళదాకా దిగుతుంది. ఊడిన గొట్టం కొరడా అవుతుంది. పంపు ఆపాక కూడా పలక కాస్త లేస్తుంది. కాబట్టి మట్టం కొలతకి కట్టిన దారం ఇంకో వేలెడు పైన ఉండగానే ఆపాలి. ఆలస్యమైతే పలక నడుం విరుగుతుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడికి ఇంట్లో తలుపు గట్టిగా వేసినా గుండె ఝల్లుమంటుంది.

పంపు దగ్గర తమ్ముడు. ఒకప్పుడు ఇద్దరూ అరుచుకునేవారు. "పోనీ", "ఆపు". ఒకనాడు "ఆపు" అన్న మాట పంపు మోతలో తమ్ముడికి చేరలేదు. పలక విరిగింది. మడమకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో గొట్టం ఉంది. గొట్టం చివర ఇనప మూతి ఉంది. ఆ మూతితోనే తమ్ముడి ఎడమ చెవి మీద కొట్టాడు.

"వినపడదురా? వినపడదూ?" అని మళ్ళీ కొట్టాడు.

ఆ తర్వాత నిజంగానే వినపడలేదు.

చెవికి గుడ్డ కట్టి, కాసేపు నీడన కూర్చోబెట్టి, మిగిలిన పని పూర్తి చేశారు. డాక్టరు మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బలకీ ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఇంట్లో దెబ్బ జ్వరం లాంటిది. వస్తుంది, పోతుంది.

అప్పట్నించి అరుపులు పోయి చెయ్యి వచ్చింది. అన్న కుడి అరచెయ్యి నేలకేసి ఆడుతుంటే పోనివ్వాలి. ఆ చెయ్యి తలపైకి లేస్తే ఆపాలి. తమ్ముడు ఆ చేతినే చూస్తాడు. పక్కింటికి నిప్పంటుకున్నా చేతినే చూస్తాడు.

ఇలా చాలా ఏళ్ళు గడిచాయి. ఇసుక లారీ వాడు తడి ఇసుక తెచ్చాడని మడమ వాడి ముక్కు పగలగొట్టిన రోజు, తమ్ముడు రక్తం కడిగించి వాణ్ణి పంపించి, వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఇంకొక్కడి మీద చెయ్యి చేసుకున్నావంటే నేను పనికి రాను."

"ఎవరు చెప్పారు, మీ ఆవిడా?"

"ఆవిడ చెవి కాదుగా పోయింది."

మడమ నవ్వబోయి ఆగాడు. తమ్ముడు నవ్వలేదు. పంపు దగ్గర ఇంకొకణ్ణి పెట్టుకోవచ్చు. కానీ ఆ చేతిని అలా చూసేవాడు దొరకడు. అంతకన్నా, తమ్ముడు రాకపోతే పొద్దున్నే మాట్లాడకుండా పక్కన కూర్చుని టీ తాగడానికి మడమకి లోకంలో ఇంకో మనిషి లేడు. ఈ రెండో సంగతి అతను ఎవరితోనూ అనలేదు. తనతో తాను కూడా అనుకోలేదు.

ఆ తర్వాత దొరికిన పని వరండా చప్టా. ఒక మూల పలక మీద స్తంభం, స్తంభం మీద వరండా కప్పు. గోడ వైపు పలక బాగా దిగింది. ఇంటాయన భారీ మనిషి, ఉద్యోగంలోంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్నవాడు. చేతులకి తోచక రోజంతా పార పట్టుకుని తిరిగేవాడు. డ్రిల్లు మొదలవగానే వచ్చాడు.

"ఏవయ్యా, చప్టా బాగు చెయ్యమంటే జల్లెడ చేస్తున్నావేంటి?"

"బెజ్జాలుంటేనే లేస్తుంది."

"లేవకపోతే?"

"మీరు లేపండి."

వంటింటి గడపలో నిలబడ్డ ఇంటాయన భార్య గట్టిగా నవ్వింది. "ఆయన పొద్దున మంచం మీంచి లేవడమే గొప్ప, చప్టా ఏం లేపుతారు?"

ఇంటాయన మొహం కందింది. పారని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆ కోపం ఎక్కడికో ఒకచోటికి పోవాలి.

పంపు మొదలైంది. మడమ స్తంభం దగ్గర గొంతుకూర్చున్నాడు. గేటు పక్క నుంచి తమ్ముడు అతని చెయ్యి చూస్తున్నాడు. జావ కిందికి దిగింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత గోడకీ పలకకీ మధ్య సందులోంచి ఎలుకలు రావడం మొదలుపెట్టాయి. ఒళ్ళంతా బురదతో, కళ్ళు కనపడక, ఒకదాని మీదొకటి ఎక్కి వచ్చాయి. ఇంటాయన పారతో పలక మీదికి దూకాడు. పార పడ్డచోటల్లా ఒక కీచుమన్న శబ్దం, ఒక ఎర్ర మరక. అతని చేతులకి పని దొరికింది. ఒళ్ళు మరిచిపోయి నరుకుతున్నాడు.

"దిగండి బాబూ, పలక బురద మీద తేలుతోంది."

"నా ఇల్లు."

"మీ ఇల్లే. దిగండి."

పార ఇంకోసారి లేచి పడింది. కట్టిన దారం తెగి ఎగిరిపోయింది. ఇక కొలత కంటితోనే చూసుకోవాలి. మడమ నోరు జారింది.

"దిగవయ్యా ముసలాయనా."

"దిగండి, వినపడట్లేదా?" అని గడప లోంచి భార్య కూడా అంది.

ఇంటాయన ఒక్క అంగలో వచ్చి మడమ చెంప మీద కొట్టాడు. మడమ తల స్తంభానికి తగిలింది. కుడి అరచెయ్యి నేలకేసి ఆడుతూనే ఉంది.

ఆ చెయ్యి లేస్తే పంపు ఆగుతుంది. ఇప్పుడు ఆగితే స్తంభం మూల లేచి, గోడ వైపు లేవక, పలక ఆ వంకర మీదే విరుగుతుంది. విరిగితే స్తంభం, దానితో కప్పు. అది కుడి చెయ్యి సంగతి. ఎడం చెయ్యి ఖాళీగానే ఉంది. అది అప్పటికే పిడికిలి అయింది. ఎదురుగా ఇంటాయన మోకాలు ఉంది, దానికి ఎక్కడ తగిలిస్తే మనిషి కూలతాడో ఎడం చేతికి తెలుసు. గేటు దగ్గర తమ్ముడు చూస్తున్నాడు. మడమ ఎడం చేతిని నేల మీద పెట్టి, దాని మీద తన మోకాలు వేసి, బరువంతా మోపాడు.

"కొట్టవయ్యా," అన్నాడు. "పలక దిగి కొట్టు."

ఇంటాయన నిజంగానే దిగాడు. దిగి, పార తిరగేసి, కర్రతో కొట్టాడు. మొదటి దెబ్బ వీపు మీద. రెండోది మెడ పక్కన. మూడోదానికి మడమ ఎడం భుజం దగ్గర ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు పలకదేమోనని మడమ గుండె ఆగింది. పలకది కాదని తెలిసి ఊపిరి పీల్చాడు. భార్య పరిగెత్తుకొచ్చి భర్త చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆవిడని విదిలించి ఇంకోటి వేశాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీంచి పలక మీద పడుతోంది. మడమ ఆ చుక్కలనే చూశాడు. ఇందాకటిదాకా గోడ వైపు జారిన రక్తం ఇప్పుడు జారడం మానింది. పడ్డచోటే గుండ్రంగా నిలిచింది.

అప్పుడు కుడి చెయ్యి తలపైకి ఎత్తాడు.

పంపు ఆగింది. నిశ్శబ్దంలో పలక తనకి మిగిలిన కాస్తా లేచి, కుదురుకుంది. ఎత్తిన చెయ్యి తన కోసమేననుకుని ఇంటాయన పారతో సహా వెనక్కి తగ్గాడు. మడమ చెయ్యి దించాడు. కొట్టలేదు. తమ్ముడు చూశాడు కదా అనుకుని గేటు వైపు తిరిగాడు.

గేటు దగ్గర తమ్ముడు లేడు. నడిచి వస్తున్నాడు. తొందరేమీ లేదు. చేతిలో పంపు పక్కన ఉంచిన రెండో గొట్టం, దాని చివర ఇనప మూతి. వచ్చి, ఇంటాయన చెవి మీద కొట్టాడు.

"వినపడదా?" అన్నాడు. చెవిటివాళ్ళు మాట్లాడే ఆ గట్టి, చదునైన గొంతుతో. "వినపడదా?"

ఇంటాయన పలక మీద కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. మూతి మళ్ళీ లేచింది. మడమ విరిగిన భుజంతోనే లేచి, కుడి చేత్తో తమ్ముడి నడుం చుట్టి వెనక్కి ఈడ్చాడు. ఇద్దరూ జావ కలిపే తొట్టిలో పడ్డారు. తమ్ముడు తన్నుకుంటున్నాడు. మడమ వదల్లేదు. ఆ ఒంట్లోని వణుకు అతనికి బాగా తెలుసు. ఆ వణుకు ఇన్నాళ్ళూ లోపలి నుంచే తెలుసు. బయటి నుంచి పట్టుకోవడం ఇదే మొదలు.

ఇంటాయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి భర్త తల మీద పోసింది. నీళ్ళు పలక మీంచి వీధి వైపు పారాయి. గదిలోకి పోలేదు.

"మీరు ఎముక విరిచారు, వాళ్ళు చెవి పగలగొట్టారు," అంది భర్తతో. "పోలీసుల దగ్గరికి వెళ్తే ఇద్దర్నీ లోపలేస్తారు. లేవండి."

తమ్ముడు కుళాయి కింద చెయ్యి కడుక్కుంటూ చాలాసేపు ఉన్నాడు.

"నేను ఇంక రానన్నా."

"నేను కొట్టలేదుగా," అన్నాడు మడమ.

"నువ్వు కొట్టలేదు. నేను కొట్టాను." చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "దానంతటది వెళ్ళింది. నీకూ ఇలాగే ఉండేదా?"

"ఇలాగే."

"ఇంటికెళ్ళి పిల్లల మధ్య పడుకోవాలి నేను."

మడమ చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు.

మర్నాడు పొద్దున, భుజానికి కట్టుతో, తమ్ముడింటికి వెళ్ళాడు. గడప దాటుతూ కుడి మడమ ఎత్తాడు కానీ నేలకి వెయ్యలేదు. మరదలు తలుపు దగ్గరే నిలబడింది.

"పద," అన్నాడు తమ్ముడితో.

"పనికి రానని చెప్పాను కదా."

"పనికి కాదు. చెవి డాక్టరు దగ్గరికి."

"వాడి చెవికా?"

"నీ చెవికి."

మరదలు ఆ మాట విని మొహం తిప్పుకుంది. "బావగారికి ఇవాళ గుర్తొచ్చిందా?" అంది. అంటూనే భర్త ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది.

డాక్టరు గది బయట బల్ల మీద ఇంటాయనా, అతని భార్యా అప్పటికే కూర్చుని ఉన్నారు. ఇంటాయన చెవిలో దూది. అన్నదమ్ములు వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు. తర్వాత ఆవిడ భర్తని మోచేత్తో పొడిచింది.

"జరగండి. వాళ్ళకీ చోటుంది."

ఇంటాయన జరిగాడు. తమ్ముడి ఎడమ పక్కన, వినపడని వైపు, మడమ కూర్చున్నాడు. ముందు తమ్ముణ్ణి పిలిచారు. తలుపు మూసి, లోపల ఏదో సన్నగా మోగించి వినపడుతోందా అని అడుగుతున్నారు. ఆ చోటు మడమకి కొత్త. అలవాటుగా అతని కుడి మడమ లేచింది. బల్ల కింద కాసేపు గాల్లోనే ఉంచి, చప్పుడు కాకుండా మెల్లగా నేల మీద పెట్టాడు.